ఒక రూపాయి రాకపోకలు

విల్సన్ గార్డెన్ పదో క్రాసు మూలన
ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు ఆనించి నా అరటిపళ్ళ బండి.
మాది పుంగనూరు అవతల పల్లె,
పేరు చెప్పినా ఎవరికీ తెలీదు.

కంపెనీ పిల్లోడొకడు వచ్చి
గెలల మధ్యన నీలం డబ్బా పెట్టిపోయినాడు.
దుడ్లు పడితే కన్నడంలో అరుస్తుంది.
మాట్లాడినందుకు దానికి నెల బాడుగంట!
మా మేనమామ రోజంతా మాట్లాడతాడు, ఊరికే.

తెల్లారి ఆరున్నరకు సుంకులమ్మ వస్తుంది.
చీపురు కంచెకు నిలబెట్టి
రెండు ఏలక్కి పళ్ళు,
కొంగుముడి విప్పి లెక్కగా పది రూపాయలు.
పదిహేడేండ్లుగా ఈ వీధి ఊడుస్తోంది.
హాజరు మిషన్‌కు మాత్రం
ఇంకా ఆమె బొటనవేలు ఎవరిదో తెలీదు.
"గీతలన్నీ చీపురు తినేసిందప్పా.
నన్ను నమ్మని మిషన్‌ను నేనెందుకు నమ్మాల?"
నా దగ్గర జవాబు లేదు.
ఒక పండు ఎక్కువిచ్చినాను.

కోడలు రూతమ్మ గార్మెంట్సులో పని.
తన పాత ఫోను అత్తకిచ్చింది,
అద్దం మీద సాలెగూడంత పగులు.
మొదటి రోజు సుంకులమ్మ ఒక్క రూపాయి పంపింది.
డబ్బా అరిచింది.
ఆమె ఉలిక్కిపడి దాని వెనక్కి తొంగి చూసింది,
ఎవరైనా దాక్కోనుండారేమో అని.
"ఇప్పుడు నువ్వు పంపు నాకు."
పంపినాను. ఫోను కుయ్యిమంది.
మళ్ళీ రేపు. మళ్ళీ ఎల్లుండి.
తొమ్మిది రోజులు
అదే రూపాయి మా ఇద్దరి నడుమ తిరిగింది.
సంతలో కొత్త కుండను
వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గినట్టు
రోజూ వినింది ఆమె.

ఆ తర్వాత ఒక శనివారం,
మనవరాలికి పేరు పెడతారంట,
రెండు హస్తాలు కావాల.
నూట నలభై.
పోయింది అనింది ఫోను.
డబ్బా నోరు మెదపలేదు.
తుంపర మొదలయింది,
వెనక ఇద్దరు బేరానికి నిలబడినారు,
తెర మీద చక్రం తిరగతానే ఉంది.

ఆమె ఫోను వైపు చూడలేదు.
నా మొహం చూసింది.
ఏ గేటు ముందర ఎన్నిసార్లు
"నువ్వే తీసినావు" అనిపించుకున్న కండ్లో అవి!
నాకూ గుండె జారింది, అబద్ధమెందుకు,
నూట నలభై అంటే నా సగంరోజు మిగులు.
"తీసకపో అక్కా," అన్నాను,
"పాప పేరేందో వచ్చి చెబితే చాలు."

సోమవారం ఆరున్నరకు
చీపురు కంచెకు నిలబెట్టి
"షారోను," అనింది. "పాప పేరు.
దుడ్లు నాకే తిరిగొచ్చినాయి చూడు."
నేను చూసేలోపే మళ్ళీ పంపింది.
నూర నలవత్తు రూపాయి, అరిచింది డబ్బా,
ఆలస్యమైనందుకు సిగ్గేమీ లేకుండా.

మొన్న కంపెనీ పిల్లోడు పలక పట్టుకొని వచ్చి
"అంకుల్, మా డబ్బా మీద మీకు నమ్మకమెంత?
ఒకటి నుంచి ఐదులోపల చెప్పండి," అన్నాడు.
సుంకులమ్మ పేరు ఏ గడిలో రాస్తావని అడిగితే
నవ్వి, నాలుగు వేసుకోని పోయినాడు.

ఇప్పుడు ఆమె వెంట ఇంకో ముగ్గురు వస్తారు.
ప్రతి ఒక్కరూ మొదటి రోజు ఒక్క రూపాయే.
నేనూ తిప్పి పంపుతాను,
అడగకముందే.

వార్డు ఆఫీసులో మాత్రం
ఆమె ఇంకా బొటనవేలు చీరకు తుడుచుకుంటోంది,
మూడుసార్లు, నాలుగుసార్లు.
ఆ మిషన్‌కు
ఒక రూపాయి పంపి చూసే దారి
ఎవరూ పెట్టలేదు.